చిన్నాయన ఒంట్లో టీబీ పురుగులు

సిరిసిల్లలో మగ్గాలు ఆగినప్పుడు మా చిన్నాయన ముంబై దగ్గరి భివండి పోయి, రంగుల కార్ఖానాలో నూలుకు రంగులద్దాడు. మూత్రం ఎర్రగా వస్తే అదీ రంగేననుకుని చాన్నాళ్లు నవ్వుకున్నాడట. తిరిగొచ్చాక చూపిస్తే, మూత్రసంచిలో క్యాన్సర్ గడ్డ అన్నారు.

హైదరాబాద్‌లో గడ్డ గీకేశారు. మళ్లీ మొలవకుండా బలం తగ్గించిన టీబీ జాతి సూక్ష్మజీవులను, బతికున్నవాటినే, సన్నని గొట్టంతో లోపలికి ఎక్కిస్తామన్నారు. వాటి అలజడికి ఒంట్లోని కాపలా కణాలు లేచి, క్యాన్సర్ మీద కూడా పడతాయట.

"అంటే పోలీసోళ్లు నిద్ర లేవాలని మీరే ఇంట్ల లొల్లి పెట్టిస్తరన్నట్టు" అన్నాడు చిన్నాయన. డాక్టరు నవ్వాడు.

ఈ వార్త మేం ఇల్లు చేరకముందే కోరుట్ల చేరింది. అక్కడ మా మేనత్త భర్త ఉంటాడు. దుబాయ్‌లో పనిచేసి వచ్చినప్పటి నుంచీ మామకు తెలియని సంగతి లేదు. మూతికి రుమాలు కట్టుకుని పరామర్శకు వచ్చి, వాకిట్లోనే కుర్చీ వేయించుకున్నాడు. చిన్నమ్మ ఇచ్చిన చాయ్ ముట్టలేదు.

"గా పురుగులు గాలికి ఎగురుతయమ్మా. జర దూరముంటెనే మంచిది."

"అన్నా, మీ జబ్బ మీద మచ్చ చూపియ్యుండ్రి" అంది చిన్నమ్మ.

మామ అయోమయంగా అంగీ చెయ్యి పైకి జరిపాడు. చిన్నప్పటి టీబీ టీకా మచ్చ, చిక్కుడు గింజంత.

"ఈయనకు ఎక్కిచ్చేది గదే మందు. ఇగ చెప్పుండ్రి, రుమాలు మీరు కట్టుకోవాల్నా, నేను కట్టుకోవాల్నా?"

మామకు ఉన్నట్టుండి బస్సు గుర్తొచ్చింది. ఆయన ఊరు చేరాక, చిన్నమ్మకు మతి చెడిందని కోరుట్లంతా చెప్పుకున్నారు.

మందు ఎక్కించిన రోజు చిన్నాయనకు చలిజ్వరం, మంట. రెండు గంటలు మూత్రం ఆపుకుని పక్కలు మార్చుకుంటూ పడుకోవాలి. తర్వాత పోసినప్పుడల్లా ఆ పురుగులు చావడానికి మరుగుదొడ్లో బ్లీచింగ్ నీళ్లు పోయాలి. కష్టంగా ఉందా అని అడిగాను.

"ఆపుకునుడు నాకు కొత్తనా బిడ్డా? మిషన్ ఆగుతదని భివండిల సేటు బయటికి పోనిస్తెగా!"

నవ్వబోయి ఆగిపోయాను.

కొన్నాళ్లకు కెమెరా గొట్టంతో చూసి, లోపల శుభ్రంగా ఉందన్నారు. ఏండ్ల తరబడి చూపించుకుంటూనే ఉండాలట. జబ్బు ఆ రంగుల వల్లే వచ్చి ఉంటుందని, మళ్లీ వాటి జోలికి మాత్రం పోవద్దన్నారు. ఇప్పుడు ఎల్లంతకుంటలో కూరగాయలు అమ్ముతున్నాడు.

మొన్న సేటు మళ్లీ పనికి రమ్మని ఫోన్ చేశాడు. జబ్బు సంగతంతా విని, అయితే నీలాంటి పనిమంతుణ్ణి ఇంకొకణ్ణి పంపమన్నాడు. చిన్నాయన ఫోన్ పెట్టేసి తిట్టడం మొదలుపెట్టాడు. అంత నిండైన తిట్లు నేను సిరిసిల్ల బస్టాండులో కూడా వినలేదు. చిన్నమ్మ ఆపలేదు. మధ్యలో మంచినీళ్లు తెచ్చిచ్చింది.