మంచినీళ్ల బావిలో దిగింది నేనే

నా చిన్నప్పుడు జరిగిన ఒక సంగతిని మా ఊరు దాదాపు నలభై ఏళ్లుగా తప్పుగా చెప్పుకుంటోంది. ఆ తప్పు నా నోటి నుంచే మొదలైంది. దాన్ని సరిచేయాల్సింది కూడా నేనే. ఇంతకాలం చేయలేదు. ఇక ఆలస్యం చేయదలచుకోలేదు.

మాది నల్గొండ జిల్లాలో మెట్ట ఊరు. మాకు రెండు బావులుండేవి. ఊరి బయట ఉప్పు బావి. దానికి మెట్లుండేవి. ఆ నీళ్లు నోట్లో పోసుకుంటే నాలుక ముడుచుకుపోయేది. పశువులు తాగడానికి, బట్టలు ఉతకడానికి, ఉన్ని కత్తిరించే ముందు గొర్రెలను కడగడానికి అదే దిక్కు. ఊరి నడుమ మంచినీళ్ల బావి. అది చేదబావి, చుట్టూ గచ్చు. ఊరంతా తాగేది దాన్నే. ఆ గచ్చు మీద చెప్పులతో నడిచేవాళ్లు కాదు. లోపల ఎవరైనా దిగుతారన్న ఆలోచన కూడా ఎవరికీ రాదు.

నాకు నీళ్లంటే భయం. ఉప్పు బావి మెట్ల మీద ఒకసారి జారి మునిగి తేలాను. అప్పటి నుంచి తోటి పిల్లలు బావిలో దూకుతుంటే నేను ఒడ్డున వాళ్ల అంగీలు కాపలా కాసేవాణ్ని. ఆ భయాన్ని పోగొట్టింది పక్కింటి అక్క. ఆమెకు అప్పుడు ఇరవై రెండేళ్లుంటాయేమో. గొర్రెలు కాసే కుటుంబం. ఎండాకాలం వస్తే ఆమె భర్త మందను తోలుకొని మేత కోసం కృష్ణ ఒడ్డుకు వెళ్లిపోయేవాడు, వానలు పడితేగాని తిరిగొచ్చేవాడు కాదు. మిగిలిన నాలుగు గొర్రెలతో, నడక నేర్చుకుంటున్న కూతురితో ఆమె ఊళ్లో ఉండేది. గొర్రెలను బావిలోకి తోసి, వెనకే తానూ దూకి, ఒక్కొక్కదాన్ని మెట్ల వైపు మళ్లించేది. మా ఊళ్లో ఈత వచ్చిన ఆడమనిషి ఆమె ఒక్కతే.

ఒకరోజు నన్ను మెట్ల మీద కూర్చోబెట్టి తన అరచేతిలోని నీళ్లు నాలుకకు తాకించింది. ఎట్లుందని అడిగింది. ఉప్పగా ఉందన్నాను. అప్పుడు ఏదో రహస్యం చెబుతున్నట్టు గొంతు తగ్గించింది.

"ఉప్పు నీళ్లు మనిషిని ముంచయి, తమ్మీ. మీదికే తోస్తయి. నువ్వు ఊకె ఎల్లెలకల పండుకో."

నేను నమ్మాను. ఆమె చెయ్యి నా వీపు కింద ఉంది. కాసేపటికి చూస్తే ఆ చెయ్యి లేదు, నేను మాత్రం తేలుతూనే ఉన్నాను. నాలుగు రోజుల్లో కాళ్లు కొట్టడం వచ్చింది. ఆమె ఇంకా నేర్పాల్సింది చాలా ఉందంటుండేది. నాకు మాత్రం బావి మొత్తం జయించినట్టు అనిపించింది.

పిల్లలు ఊరుకుంటారా. ఆమె నాతో అన్న మాట నేనే వాళ్లకు గొప్పగా చెప్పాను. దాంతో వాళ్లు దాన్నే నా మీదికి తిప్పారు. ఉప్పు నీళ్లల్ల గొర్రె గూడ తేలుతది, నీకు ఈత రాదురా అని ఎగతాళి చేశారు. నాకూ లోపల అదే అనుమానం. నన్ను తేల్చింది నా చేతులు కాళ్లా, ఆ ఉప్పా? ఆ అనుమానంతో రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. దాన్ని తీర్చుకోవడానికి మా ఊళ్లో ఉప్పు లేని నీళ్లు ఒక్కచోటే ఉన్నాయి.

ఎండలు మండుతున్న రోజులు. మిట్టమధ్యాహ్నం, అందరూ ఇళ్లల్లో ఒరిగి ఉన్న వేళ మంచినీళ్ల బావి దగ్గరికి వెళ్లాను. లోపలి గోడకు పొడుచుకొచ్చిన రాళ్ల మీద కాళ్లు పెట్టుకుంటూ దిగాను. నీళ్లు చల్లగా ఉన్నాయి. రాయిని వదిలాను. ఒక క్షణం తేలాను. మరుక్షణమే, ఇవి ఉప్పు నీళ్లు కావన్న ఆలోచన వచ్చింది. అంతే, ఒళ్లు బిగుసుకుపోయి మునిగిపోయాను. నీళ్లు మింగుతూ పైకి రెండుసార్లు వచ్చిన గుర్తు. మూడోసారి నా జుట్టు ఎవరి చేతిలోనో ఉంది. నీళ్లకు వచ్చిన పక్కింటి అక్క, చేదతాడు పట్టుకొని లోపలికి జారింది.

ఆమె అరుపులకు జనం వచ్చారు. ఇద్దరినీ పైకి లాగారు. గచ్చు మీద నేను దగ్గుతున్నాను, పక్కన ఆమె తడిచీరతో వణుకుతోంది. మా తాతయ్య వచ్చారు. ఊళ్లో తగువులు తీర్చే పెద్దమనిషి ఆయన. బావి వైపు చూసి, నా వైపు చూసి, "ఎవరు దింపిండ్రురా నిన్ను?" అని అడిగారు.

నేను అక్క వైపు వేలు చూపించాను. ఈత నేర్పుతానని దింపిందని చెప్పాను.

ఆమె నా వైపు చూసింది. నేను చూపు తిప్పుకున్నాను. ఒక్క మాట అంటే చాలు, నా అబద్ధం అక్కడే తేలిపోయేది. ఆమె అనలేదు. ఎందుకనలేదో అప్పుడు నాకు అర్థం కాలేదు. దొరికిపోలేదన్న సంతోషమే ఉంది.

ఆ బావి నీళ్లు తాగడానికి పనికిరావని ఆయిల్ ఇంజను పెట్టి మొత్తం తోడించారు. ఎండాకాలపు ఊట, బొట్టు బొట్టుగా ఊరింది. పదిహేను రోజులు ఊరంతా ఉప్పు నీళ్లే తాగింది. పిల్లలకు కడుపులు చెడ్డాయి. అందరి కోపం ఆమె మీదికి మళ్లింది. వానలు పడే దాకా ఆమె మంచినీళ్ల బావి గచ్చు ఎక్కకూడదని తాతయ్య తీర్పు చెప్పారు. ఎవరైనా చేది పోస్తే పట్టుకోవచ్చునన్నారు. ఆ మాట చెప్పినప్పుడు అది దయలాగే వినిపించింది.

ఆ ఎండాకాలమంతా ఆమె గచ్చు కింద బిందె పెట్టుకొని నిలబడేది. నీళ్లు చేదే ఆడవాళ్లు ఆమెను చూడనట్టే తమ బిందెలు నింపుకొని వెళ్లేవాళ్లు. కొందరు పోశారు, చాలామంది పోయలేదు. ఎవరూ పోయని రోజు ఆమె కూతురు కూడా ఉప్పు నీళ్లే తాగేది. నేను చేద వేయగలిగే వయసులోనే ఉన్నాను. ఆమె నిలబడి ఉంటే ఆ దారి వదిలి వెనక సందులోంచి పోయేవాణ్ని.

ఒకరోజు ఆ సందులోనే ఎదురుపడింది. తిడుతుందనుకొని గోడకు అతుక్కుపోయాను. ఆమె నా రొమ్ము మీద చెయ్యి పెట్టి చూసింది.

"దగ్గు తగ్గిందా తమ్మీ? నీళ్లు శాన మింగినవ్ ఆనాడు."

అంతకు మించి ఏమీ అడగలేదు. ఆ రోజే ఇంటికి పోయి నిజం చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. తాతయ్య పోయారు, మా అమ్మ పోయింది. నేను చెప్పలేదు.

పెద్దయ్యాక హైదరాబాదులో ఒక హోటల్ ఈత కొలను శుభ్రం చేసే పనిలో చేరాను. తెలంగాణ వచ్చిన మరుసటేడు ఒక ఏజెంటు ద్వారా విహార ఓడలో అదే పని దొరికింది. సముద్రం మీద వారాల తరబడి తిరిగే పెద్ద ఓడ. అందులో రెండు కొలనులుండేవి. పైఅంతస్తులో ఆకాశం కింద ఉన్నది ఉప్పు నీళ్లది. రేవులో ఉన్నప్పుడు అది ఖాళీగా ఉండేది, పైన వల కట్టేవాళ్లం. ఒడ్డు దగ్గరి నీళ్లు మురికి కాబట్టి, నడిసముద్రానికి పోయాకే పంపులతో సముద్రపు నీటిని నింపేవాళ్లు. గాలివాన వస్తే మళ్లీ ఖాళీ చేసేవాళ్లు. కొలను చుట్టూ కమ్మీల మీద తెల్లగా పేరుకునే ఉప్పును పొద్దున్నే కడగడం నా పని. రెండోది లోపల, అద్దాల కప్పు కింద, మంచినీళ్లది. ఓడలోనే సముద్రపు నీటిని ఉప్పు తీసి తయారుచేసిన నీళ్లవి. ఊరికే పారబోయడానికి వీల్లేదు. వడగట్టి, మందు కలిపి, అవే నీళ్లను వాడేవాళ్లు.

ప్రయాణికుల్లో ఈ రెండింటి గురించి ఎప్పుడూ వాదనే. ఉప్పు నీళ్లల్లో ఒళ్లు తేలికగా ఉంటుందని కొందరు, కళ్లు మండుతాయి, జుట్టు బిరుసవుతుంది, మంచినీళ్లే హాయి అని కొందరు. నేను మాత్రం మొదటి నెల మంచినీళ్ల కొలనులో కాలు పెట్టలేకపోయాను. హోటల్లోవి బోరు నీళ్లు, ఇక్కడ మాత్రం ఓడంతా తాగేదీ అవే కాబట్టి తాగే నీళ్లల్లో దిగుతున్నట్టే ఉండేది. కొలను అడుగు తుడిచే కర్రను ఒడ్డు నుంచే ఆడించేవాణ్ని.

ఒక ప్రయాణంలో ఒక పెద్దావిడ రోజూ ఉప్పు నీళ్ల కొలను గట్టున కూర్చునేది. మనవరాలు లోపలికి రమ్మని బతిమాలితే తల అడ్డంగా ఊపేది. ఆమె కూర్చున్న తీరు నాకు తెలుసు. నా వచ్చీరాని ఇంగ్లీషులో అక్క మాటే చెప్పాను, ఉప్పు నీళ్లు మనిషిని ముంచవని. ఆమె లోతు లేనిచోట కమ్మీ పట్టుకొని దిగి, చివరికి వెల్లకిలా తేలింది. మనవరాలు చప్పట్లు కొట్టింది. మర్నాడు రేవు దగ్గర పడుతోందని ఆ కొలను ఖాళీ చేశాం. ఆమె మంచినీళ్ల కొలను దగ్గరికి వచ్చి ఇవి కూడా నన్ను తేలుస్తాయా అని అడిగింది. ఈత వచ్చినవాళ్లు ఈదడం చూశానుగాని, రానివాళ్లను మంచినీళ్లు తేలుస్తాయో లేదో నాకు తెలియదు.

ఓడలో నీళ్ల పనులు చూసే కేరళ ఇంజనీరు దగ్గరికి పరుగెత్తాను. ఆయన నిదానంగా చెప్పాడు. వంద లీటర్ల సముద్రపు నీళ్లలో మూడున్నర కిలోల దాకా ఉప్పుంటుంది, అందుకే కొంచెం తేలికగా తేలుతాం. కాని ఒళ్లు వదులు చేసి, రొమ్ము నిండా గాలి పీల్చుకుంటే మంచినీళ్లల్లో కూడా చాలామంది తేలుతారు. మా ఊరి ఉప్పు బావి సంగతి అడిగాను. పశువులు తాగేవా అన్నాడు. తాగేవన్నాను. ఆయన నవ్వాడు. అయితే దాంట్లో ఉన్న ఉప్పు లెక్కలోకే రాదు, నిన్ను ఆ ఉప్పు తేల్చలేదు అన్నాడు.

ఆ పెద్దావిడకు నిజం చెప్పాను. నిన్న మిమ్మల్ని తేల్చింది చాలావరకు మీరేనని. ఆమె ఇంకాసేపు ఆలోచించి దిగింది. తేలింది.

ఆ సాయంత్రం గదిలో కూర్చొని అక్క నాతో ఆడిన నాటకమంతా తలచుకున్నాను. ఒక సాకు కూడా దొరికింది. ఆమె అట్లా చెప్పకపోతే నేను మంచినీళ్ల బావిలో దిగేవాణ్ని కాదు గదా అని. కొన్నాళ్లు దాన్ని పట్టుకొని ఉన్నాను. అది నిలవలేదు. ఆమె మాట నా భయం పోగొట్టడానికి. నా మాట నా ఒళ్లు కాపాడుకోవడానికి. రెండూ ఒకటి కావు.

కరోనా వచ్చి ఓడలు ఆగిపోయాక తిరిగొచ్చాను. ఇప్పుడు చౌటుప్పల్ దగ్గర ఒక రిసార్టులో ఈత కొలను చూసుకుంటున్నాను. సెలవు దొరికితే కూతురితో ఊరికి పోతుంటాను. ఇంటింటికీ నల్లా వచ్చింది. మంచినీళ్ల బావిలో చెత్త పేరుకుంది. పోయిన ఎండాకాలం ఊరి పిల్లలు దాన్ని బాగుచేయాలని పూనుకున్నారు. ఆ పనికి పోయొచ్చిన నా కూతురు అన్నం తింటూ నవ్వుతూ అడిగింది.

"డాడీ, నిన్ను బాయిలకు దింపి ఊరి నీళ్లు ఖరాబు చేసింది మన పక్కింటి అత్తమ్మేనంట గదా?"

నా అబద్ధం నా ఇంట్లోనే రెండో తరానికి చేరింది. ఎవరు చెప్పారని అడిగితే, అందరికీ తెలుసంది.

కంచం పక్కన పెట్టి అక్క ఇంటికి వెళ్లాను. ఆమెకు అరవై దాటాయి. మోకాళ్లు వంగడం లేదు. క్షమించమని అడిగాను. ఓడ సంగతి, ఇంజనీరు మాట కూడా చెప్పాను. ఆమె నవ్వింది. వానాకాలంలో నిండితే ఉప్పు బావి నీళ్లు చప్పబడేవని, అప్పుడు కూడా తాను ఈదేదాన్నని, ఉప్పుతో పని లేదని తనకు ముందే తెలుసని చెప్పింది. గ్రామసభలో అందరి ముందు నిజం చెబుతానన్నాను. వద్దంది. పోయిన మీ తాతయ్య పేరు ఎందుకు తీస్తావంది. నేను పట్టు వదలలేదు. ఆనాడు ఎందుకు నోరు విప్పలేదని అడిగాను.

"నువ్వు సావు నోట్లకెల్లి అప్పుడే వచ్చినవ్. గంతమందిల నిన్ను కొట్టిస్తనా? పొద్దుగూకినంక నువ్వే చెప్తవనుకున్న." మోకాళ్లు రుద్దుకుంటూ మెల్లగా అంది. "నా బిడ్డకు సుత చెప్పలే. నేను చెప్తే ఎవరు నమ్ముతుండె, తమ్మీ? చెప్పు పో. చెప్తే మంచిదే."

పంచాయతీ ఆఫీసు ముందు గ్రామసభ జరిగింది. బావి మాట వచ్చినప్పుడు లేచి నిలబడ్డాను. అక్క వెనక వరస కుర్చీలో కూర్చుంది, పక్కన ఆమె కూతురు. మంచినీళ్ల బావిలో దిగింది నేనే, ఆమె నన్ను బతికించడానికి దూకింది, నేను అబద్ధమాడాను, మా తాతయ్య విచారించకుండా తీర్పు చెప్పారు అన్నాను. కుర్రవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇంత పాత ముచ్చట ఇప్పుడెందుకని ఎవరో అన్నారు. అప్పుడు ముందు వరసలోని ఒక ముసలవ్వ తల వంచుకొని, "అబద్ధం పిల్లగాడు ఆడిండు. బిందెల నీళ్లు పొయ్యనోళ్లం మనం గాదా?" అంది.

అక్క కూతురు తల్లి చెయ్యి తన ఒళ్లోకి తీసుకుంది. సభ అయిపోయే దాకా వదల్లేదు.

నేను చెప్పడంతో అంతా సరిపోయిందని రాయను. ఆమె నిలబడిన ఎండ వెనక్కి రాదు. నేను మోస్తున్నది ఒకటే. ఆనాడు తాతయ్య ప్రశ్నకూ నా వేలు లేవడానికీ మధ్య ఒక్క ఊపిరి వ్యవధి ఉంది. ఆ ఊపిరిలో నేను నిజం చెప్పగలిగేవాణ్ని. అందుకే ఇప్పుడు ఏ తప్పు దగ్గర ఎవరు చేశారని అడిగినా, నాదైతే ఆ ఊపిరి వదలకముందే నేనే చేశానంటాను. వేళ్లన్నీ ఒకరి వైపే చూపిస్తుంటే, ఆ మనిషి దగ్గరికి పోయి కూర్చొని, ఏం జరిగిందో వాళ్ల నోటి నుంచి వింటాను.