వాద్యారు మా అమ్మ చేతికిచ్చిన తెర

నా చిన్నప్పుడు ఒక ఆరు నెలలపాటు మా ఇంట్లో మాటలన్నీ నా మీదుగానే నడిచాయి. మా నాయన కంచం ముందు కూర్చుని, ఎదురుగా అమ్మ ఉండగానే, "మీ అమ్మను ఉప్పు తెమ్మను పాపా" అనేవాడు. అమ్మ ఉప్పు తెచ్చి పెట్టి, "చాలునేమో మీ నాయన్ని అడుగు" అనేది. వాళ్ళ మాటలు అటూ ఇటూ మోసి మోసి నాకు తొమ్మిదేళ్ళకే ప్రాణం విసిగింది. అలసట అంటే ఏమిటో నాకు మొదట ఆ వంటింటి గడప దగ్గరే తెలిసింది.

కారణం చిన్నదే. గాజులమ్మే మనిషి వాకిట్లో కూర్చుని అమ్మకు గాజులు తొడుగుతూ ఏదో అన్నాడు, అమ్మ నవ్వింది. చెయ్యి పట్టుకోకుండా గాజులు ఎట్లా తొడుగుతారు? కానీ చెరుకు తోట నుంచి అప్పుడే వచ్చిన మా నాయన ఆ చెయ్యీ చూశాడు, ఆ నవ్వూ చూశాడు. ఆ మనిషి వెళ్ళాక అమ్మను ఒక మాట అన్నాడు. అదేం మాటో అమ్మ చనిపోయేదాకా నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు.

మా ఊరు చిత్తూరుకు దక్షిణాన, తమిళ సరిహద్దు దగ్గర. ఏటా ఎండాకాలంలో వీధినాటకం ఆడేవాళ్ళు. ఆట నేర్పే ముసలాయన్ని వాద్యారు అనేవాళ్ళం. రాజు వేషం మా నాయనది, రాణి వేషం మా ఊరి టైలరుది. ఆడవేషాలు మగవాళ్ళే కట్టాలి. కథ ఏమిటంటే, తోటలో రాణి ఎవరితోనో నవ్వుతూ మాట్లాడడం చూసి, రాజు కుళ్ళుకుని ఆమెను అడవికి తోలేస్తాడు. ఆ వచ్చినవాడు ఆమె తప్పిపోయిన అన్న అని చాలా ఏళ్ళకు తెలుస్తుంది. అప్పుడు రాజు ఆమె గుడిసె ముందుకొచ్చి క్షమించమని వేడుకుంటాడు. తెర అంటే గుడిసె తలుపు. ఇద్దరు మనుషులు చెరో కొన పట్టుకుంటారు, వెనక రాణి ఉంటుంది. రాజు పద్యం ముగించి, వాద్యారు తాళం కొడితే తెర దించాలి. ఆట రాత్రంతా నడిచినా ఈ ఘట్టం మాత్రం పొద్దు పొడిచాకే ఆడేవాళ్ళు. అడిగేవాడి ముఖం ఊరందరికీ కనపడాలని మా ఊరి కట్టడి.

రాణిని తిట్టే పద్యం పాడితే మా నాయన గొంతు పక్క ఊరికి వినపడేది. క్షమాపణ పద్యం మాత్రం గబగబా పాడేసేవాడు. బెల్లం గానుగ దగ్గర ఆట నేర్పుతూ వాద్యారు తిట్టేవాడు: "క్షమాపణ అడుగతా ఉండావా, మేకల్ని తోలతా ఉండావా అబ్బా?"

ఆటకు ముందురోజు అమ్మ నా తమ్ముడి చొక్కాలు, తన చీరలు రెండు సంచిలో పెట్టింది. ఆట ముగిసిన పొద్దున్నే తమ్ముణ్ణి తీసుకుని తిరుపతి బస్సెక్కి, అక్కడి నుంచి తడలో ఉన్న మా మామ ఇంటికి పోతానని, ఇంక రానని, నువ్వు మీ నాయన దగ్గర ఉండమని నాతో చెప్పింది. నాయనకు చెప్పొద్దంది. నేను ఏడుస్తూ వాద్యారు దగ్గరికి పరిగెత్తి అంతా చెప్పేశాను. ఆయన వక్కాకు నములుతూ విని, "మీ అమ్మ చేతుల్లో బలం ఉండాదా?" అని అడిగాడు. ఈ ముసలాయనకు మతి పోయిందనుకున్నాను.

తెల్లవారింది. తెర పట్టే ఒకతనికి చెయ్యి వాచిందని చెప్పి, వాద్యారు మా అమ్మను పిలిచి ఆ కొన ఆమె చేతికిచ్చాడు. పెద్దలు గొణిగారు. "ఆడది వేషం కట్టకూడదన్నారు గానీ, గుడ్డ పట్టుకోకూడదని యాడుండాది?" అన్నాడాయన. తెర అమ్మ తలకన్నా పైకి ఉంది. ఆమె చెవిలో ఆయన చెప్పింది నాకూ వినపడింది. "నా తాళం కోసం సూడొద్దమ్మా. నీకు సాలనిపించినప్పుడు దించు."

మా నాయన వచ్చి పద్యం పాడేశాడు. తాళం మోగింది. అవతలి మనిషి తన కొన దించాడు. అమ్మ దించలేదు. అతను గాభరాపడి మళ్ళీ ఎత్తాడు. జనం నవ్వారు. నాయన ఇంకోసారి పాడాడు, ఈసారి నిదానంగా. తెర కదల్లేదు. "రాణెమ్మ ఇంట్లో లేనట్టుండాది రాజా, బస్సెక్కి పాయనేమో" అని ఎవరో అరిచారు. నాయన వంగి తెర అంచున చూశాడు. గుడ్డ కింద అమ్మ పాదాలు కనపడ్డాయి. మూడోసారి మొదలుపెట్టిన పద్యం సగంలో ఆగిపోయింది.

"మే," అని అమ్మను పిలిచాడు. "నేను తప్పు సేసినాను. ఆ పొద్దు నిన్ను అనరాని మాట అన్నాను."

అది పద్యంలో లేని మాట. జనం నవ్వడం మానేశారు.

"ఇంగెప్పుడన్నా అంటావా?" అంది అమ్మ గుడ్డ వెనక నుంచి.

"అనను."

అమ్మ కొన వదిలింది. వెనక రాణి వేషంలో టైలరు కూర్చుని బీడీ తాగుతున్నాడు. గబుక్కున దాన్ని చీర కుచ్చిళ్ళలో దాచబోయి చెయ్యి కాల్చుకున్నాడు.

అమ్మ ఆ బస్సెక్కలేదు. కానీ ఇంటికొచ్చాక కూడా నాయనతో నేరుగా మాట్లాడలేదు. మళ్ళీ నేనే మొయ్యాలి. నాకు ఒళ్ళు మండిపోయింది. "నాయన ఊరందరి ముందర అడిగినాడు కదా తాతా, ఆమెకు ఇంగేం కావాలంట?" అని వాద్యారుతో అన్నాను. ఆయన, "అడగడం మీ నాయన పని, అయిపోయింది. ఇయ్యడం మీ అమ్మ పని. దానికి ఎన్నాళ్ళు పడుతుందో ఆమెకే తెలియాల. నువ్వు పోయి ఆడుకో" అన్నాడు. వారం తర్వాత ఒక పొద్దున అమ్మ నాయన వైపు తిరిగి, "నీళ్ళు కాగినాయి, పో" అంది. మధ్యలో నిలబడి ఉన్న నాకు ఏం చెయ్యాలో తోచలేదు.

నాకు దొరికిన మొగుడికీ అదే జబ్బు. తిరుపతి లాడ్జీల్లో గదులు తుడిచి నేను ఇల్లు నడిపితే, ఏ గదిలో ఎంతసేపున్నావని అడిగేవాడు. ముప్పై ఏళ్ళు జవాబు చెప్పీ చెప్పీ నా గొంతు ఇట్లా బొంగురుపోయింది. తప్పు నాదని ఒక్కసారి కూడా అనకుండానే ఆసుపత్రిలో కన్ను మూశాడు. పోయినోడి మీద కోపమేంది, క్షమించెయ్యమని చుట్టాలంటారు. వాద్యారు చెప్పింది నాకు గుర్తుంది కాబట్టి వాళ్ళ తొందర నేను పెట్టుకోను. నా మొగుడు అడగడమనే తన పని చెయ్యకుండానే పోయాడు. ఇప్పుడు ఆయన పనీ నా పనీ రెండూ నేనే చేసుకోవాలి. అందుకే నాకు మా అమ్మకన్నా ఎక్కువ రోజులు పడుతోంది.