బార్లా గారి బీరువాలు

బార్లా గారికి తాళం కనిపిస్తే చాలు, చెయ్యి దురద పెడుతుంది. తాళంచెవి దొరికితే తీసేస్తారు, దొరక్కపోతే దొరికేదాకా అక్కడే నిలబడతారు. ఆయన ఊరి గ్రంథాలయాధికారి. అసలు పేరు జీతం తీసుకునేచోట తప్ప ఎక్కడా వినపడదు. ఏ తలుపైనా బార్లా తెరిచిపెడతారు కాబట్టి ఊరంతా ఆయన్ని బార్లా గారనే అంటుంది.

ఇందులో దురదృష్టమంతా ఆయన బావమరిదిది. ఎందుకంటే ఆ బావమరిది బతికేదే తాళాలు అమ్ముకుని.

దుకాణం బజారు మధ్యలో ఉంది. గుమ్మానికి పైన మనిషి తలకాయంత రేకు తాళం వేలాడుతుంటుంది. సాయంత్రం పూట బార్లా గారు వచ్చి స్టూలు మీద కూర్చుంటే బావమరిది గుండెల్లో రాయి పడుతుంది. ఎవరో కొత్తగా కాపురం పెట్టినతను వచ్చి, "గట్టి తాళం ఒకటి చూపించండి" అంటాడు. బావమరిది రకరకాలవి తీసి బల్ల మీద పెడతాడు. అప్పుడు బార్లా గారు మెల్లగా అందుకుంటారు.

"ఇంట్లో ఏముందండీ?"

"ఏముంటుందండీ, మంచం, రెండు కుర్చీలు, గిన్నెలు."

"మంచం ఎత్తుకుపోయేవాణ్ణి మీరెక్కడైనా చూశారా?"

అతను ఆలోచనలో పడతాడు. ఆ ఆలోచనతోనే మెట్లు దిగి వెళ్ళిపోతాడు.

"బావా, నా పొట్ట కొట్టకు" అంటాడు బావమరిది.

"నేనేమన్నానురా? మంచం సంగతి అడిగాను, అంతే."

ఇంట్లో బార్లా గారి భార్య, అంటే బావమరిదికి అక్క, ఆవిడ అవస్థ ఇంకా ఘోరం. ఒకసారి ఇద్దరూ ఊరికి ప్రయాణమయ్యారు. ఆవిడ తన చేత్తో వీధి తలుపుకు తాళం వేసి, రెండుసార్లు లాగి చూసి, చెవి సంచిలో అడుగున పెట్టుకుని బస్సెక్కింది. బస్సు ఊరు దాటాక ఆయన కిటికీలోంచి చూస్తూ నింపాదిగా, "పెరటి తలుపు తీసే ఉంచానులే, కంగారు పడకు" అన్నారు. ఆవిడ ఆ ప్రయాణమంతా ఆయనతో మాట్లాడలేదు. తిరిగొచ్చి చూస్తే ఒక్క వస్తువు పోలేదు. పైపెచ్చు పక్కింటి పిల్లి వీళ్ళ పరుపు మీద పిల్లల్ని పెట్టింది.

"చూశావా, పోలేదు సరికదా పెరిగాయి" అన్నారు ఆయన.

ఆయన రాకముందు ఆ గ్రంథాలయం ఖజానాలా ఉండేది. ప్రతి బీరువాకూ తాళం. పుస్తకం కావాలంటే కిటికీ దగ్గర నిలబడి చీటీ రాసివ్వాలి. లోపలి గుమాస్తా ఆ పుస్తకం పేరు వీధి చివరిదాకా వినపడేలా చదివి, కాసేపు తిరిగి, "లేదు" అనేవాడు. బార్లా గారు గ్రంథాలయ శాస్త్రం చదువుకుని వచ్చారు. ఆ శాస్త్రానికి బాట వేసిన పెద్దాయన చెప్పిన సంగతులు ఆయనకు నోటికి వచ్చు. పుస్తకాలు దాచడానికి కాదు, వాడటానికి. మనిషికి తన పుస్తకం దొరకాలి, పుస్తకానికి తన మనిషి దొరకాలి. వచ్చినవాళ్ళ పొద్దు పాడుచేయకూడదు. గ్రంథాలయమన్నది ఎదుగుతూ ఉండాలి.

"ఇందులో తాళం అన్న మాట ఎక్కడైనా వినపడిందా?" అని అడిగేవారు.

చేరిన వారంలోనే తాళాలన్నీ ఊడదీసి, గోనెసంచిలో మోసుకుని దుకాణానికి వచ్చారు.

"ఏంటి బావా ఇవి?"

"కరిగించి గరిటెలు చేయించరా. వంటకైనా పనికొస్తాయి."

ఆ తాళాలన్నీ బావమరిది అమ్మినవే. వాటి గ్యారంటీ కూడా ఇంకా తీరలేదు.

గ్రంథాలయ సంఘానికి అధ్యక్షుడు ఒక రిటైరైన వకీలు. ఆయన మండిపడ్డారు.

"పుస్తకాలు పోతే ఎవరయ్యా జవాబుదారీ?"

"తీసుకెళ్ళినవాళ్ళు చదువుతారండీ."

"చదివి తిరిగి ఇవ్వకపోతే?"

"మళ్ళీ చదువుతున్నారనుకుందాం."

వకీలుగారు జీవితంలో చాలా కేసులు ఓడిపోయారు గానీ ఇంత తొందరగా ఏదీ ఓడిపోలేదు. ఆ ఉక్రోషంతో పైవాళ్ళకు ఫిర్యాదు పెట్టారు. తనిఖీ అధికారి వచ్చి పుస్తకాలు లెక్కపెడతారనీ, తగ్గితే బీరువాలకు మళ్ళీ తాళాలు, బార్లా గారికి దూరపు బదిలీ అనీ కబురొచ్చింది. వకీలుగారు ముందుచూపుతో దుకాణానికి వచ్చి తాళాలకు ఆర్డరు కూడా ఇచ్చి వెళ్ళారు.

ఇంకొకడైతే ఎగిరి గంతేసేవాడు. బావమరిదికి మాత్రం తిండి సయించలేదు. అక్క ఎక్కడికో వెళ్ళిపోతుందన్న దిగులు సరే, అంతకన్నా పెద్దది దుకాణంలో కింది అరలో, కాగితం చుట్టి ఉంది. అది గ్రంథాలయం పుస్తకం.

నత్తి గురించి రాసిన పుస్తకం. బడిలో చేరినప్పటినుంచి కూతురికి మాట తడబడటం మొదలైంది. తోటిపిల్లలు వెక్కిరిస్తే పాప మాట్లాడటమే తగ్గించేసింది. బావను అడిగితే పుస్తకం ఇస్తారు. కానీ బావ బల్ల చుట్టూ ఎప్పుడూ పత్రికలు చదివేవాళ్ళు మూగి ఉంటారు. సాయంత్రానికల్లా బజారంతా తెలుస్తుంది, పాపకు ఏదో ఒక పేరు పెడతారు. ఒకరోజు వెనక గుమ్మం పక్క బీరువాలో ఈ పుస్తకం కంటపడింది. చుట్టూ ఎవరూ లేరు. చొక్కాలో దోపుకుని వచ్చేశాడు.

అందులో చెప్పినట్టే రోజూ పాప పక్కన కూర్చున్నాడు. తొందరపెట్టలేదు, మధ్యలో మాట అందించలేదు, చెప్పినంతసేపూ విన్నాడు. ఇప్పుడు పాప నోరు మూయించడం ఎవరి తరమూ కావడం లేదు. పుస్తకం తిరిగిచ్చే ధైర్యం మాత్రం అతనికి రాలేదు. తాళాలు అమ్మేవాడే దొంగ అని తేలితే ఆ రేకు తాళం కింద ఏ ముఖం పెట్టుకుని కూర్చుంటాడు?

తనిఖీకి ముందురోజు, బార్లా గారు భోజనానికి వెళ్ళే వేళ చూసుకుని, వెనక గుమ్మంలోంచి లోపల అడుగుపెట్టాడు. బీరువా ముందు వకీలుగారు నిలబడి ఉన్నారు.

ఇద్దరూ ఒకరి పొట్ట ఒకరు చూసుకున్నారు. ఇద్దరి పొట్టలూ నలుచదరంగా ఉన్నాయి.

"గాలి కోసం వచ్చాను" అన్నారు వకీలుగారు.

"నేనూ అందుకేనండీ."

"ఈ మూల గాలి బాగుంటుంది."

"అవునండీ, ఊళ్ళో ఇంకెక్కడా లేదు."

ఇద్దరూ కదల్లేదు. చివరికి వకీలుగారు నిట్టూర్చి కోటు లోపలినుంచి పుస్తకం తీశారు. కొత్తగా వంట నేర్చుకునేవాళ్ళ కోసం రాసింది. అట్ట నిండా నూనె మరకలు.

"మా ఆవిడ పోయాక పొయ్యి వెలిగించడం కూడా రాలేదయ్యా నాకు. ఈ వయసులో అందరి ముందూ నిలబడి ఈ పుస్తకం ఇమ్మని ఎలా అడగను?"

"ఇప్పుడు వంట వచ్చాండీ?"

"గుడ్డు ఉడుకుతోంది. మిగతావన్నీ మాడుతున్నాయి."

బావమరిది తన పుస్తకం అరలో పెట్టి, ఉండబట్టలేక అడిగాడు. "మరి తాళాలు వేయించమన్నది మీరే కదండీ?"

"నేనే తీసుకోగలిగానంటే ఎవరైనా తీసుకోగలరని నాకే కదయ్యా తెలిసింది."

అంతలో మళ్ళీ అడుగుల చప్పుడు. ఇద్దరూ బీరువా చాటుకు తప్పుకున్నారు. క్షౌరశాల యజమాని వచ్చి జుట్టు రాలకుండా కాపాడుకోవడం మీద ఒక పుస్తకం పెట్టి, టోపీ సర్దుకుని వెళ్ళాడు. తర్వాత బడి పెద్ద టీచరమ్మ వచ్చి కోపం తగ్గించుకునే మార్గాలు చెప్పే పుస్తకం పెట్టింది. అది అరలో సరిగా పట్టలేదని నాలుగు గుద్దులు గుద్ది వెళ్ళిపోయింది.

"ఆవిడ ఇంకోసారి చదవాలి" అన్నారు వకీలుగారు గుసగుసగా.

మర్నాడు తనిఖీ అధికారి వచ్చారు. నవ్వని మనిషి. పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా లెక్కించి, నుదురు చిట్లించి, మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టించారు. బావమరిదికి కొరుక్కోవడానికి గోళ్ళు మిగల్లేదు. అక్క కళ్ళు మూసుకుని గోడకు ఆనుకుంది.

"ఎక్కువున్నాయి" అన్నారు అధికారి.

తనిఖీ అనగానే జనం ఎప్పుడో తాతలు తెచ్చి తిరిగివ్వనివీ, పక్కూరి గ్రంథాలయానివీ, అనుమానం వచ్చిన సొంతవీ కూడా తెచ్చి సర్దేశారు.

"గ్రంథాలయం ఎదుగుతుందండీ" అన్నారు బార్లా గారు వినయంగా.

"తగ్గితే ఏం రాయాలో నాకు తెలుసు. పెరిగితే ఏం రాయాలి?"

"అంతా సక్రమంగా ఉందని రాయండి" అన్నారు వకీలుగారు గొంతు సవరించుకుని. "ఈ ఊళ్ళో తాళాల అవసరం లేదు."

అమ్మకం చెడిపోయినందుకు బావమరిది జీవితంలో మొదటిసారి హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. అక్క ఏడవబోయి నవ్వేసి, ఇంటికి వెళ్ళింది.

అందరూ వెళ్ళాక బావమరిది మెల్లగా మాట కదిపాడు. "బావా, వెనక బీరువాలోంచి రాయించకుండా తీసుకెళ్తున్నారని నీకు తెలుసా?"

"తెలియకేం? దాన్ని ఆ మూలకు జరిపించిందే నేను. బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళకు అది కనపడదు."

"ఎందుకు బావా?"

"తాళం ఉంటే అడగాలి. కొన్ని పుస్తకాలు అడగడానికి నోరు రాదురా. అవసరం ఎంత పెద్దదైతే సిగ్గు అంత ఎక్కువ." ఆయన ఒక పుస్తకం దుమ్ము తుడిచారు. "పాప ఎలా మాట్లాడుతోంది?"

బావమరిది ఇంకో పుస్తకం తీసుకుని తనూ దుమ్ము తుడవసాగాడు. "అడిగినదానికల్లా జవాబు చెప్తోంది బావా. అడగనిదానికి కూడా."

"అయితే ఆ పుస్తకం ఇంకొకరికి పనికొస్తుంది."

ఇంతలో అధికారి గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు. "పెన్ను మరిచిపోయాను" అంటూ నేరుగా వెనక మూలకు నడిచారు. పెన్ను ఆయన జేబులోనే మెరుస్తోంది. బావమరిది ఆ మాట అనబోయేంతలో బార్లా గారు అతని చెయ్యి పట్టుకుని వీధిలోకి లాక్కొచ్చారు.

"ఎక్కడికి బావా?"

"వాన వస్తుందేమో చూద్దాం."

"ఎండ మండిపోతోంది. ఆకాశంలో మబ్బుతునక కూడా లేదు."

"వచ్చేదాకా చూద్దాంలే" అని బార్లా గారు లోపలికి వీపు పెట్టి నిలబడ్డారు.