మా అవ్వకు పడ్డ పొగ

మా చిన్నప్పుడు మా అవ్వకు బస్సు పడేది కాదు... అవ్వ అంటే మా బాపును కన్న తల్లి. గోదావరిఖని బస్టాండులో ఇంజను ఆపకుండా నిలబెట్టిన ఎర్రబస్సు పక్కకు పోతే చాలు, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేది. ఎక్కి కూర్చుంటే ఇక అంతే... కాలిన డీజిలు వాసన, రెగ్జిన్ సీట్ల వాసన కలిసి కడుపులో దేవేది. చేతిలో నిమ్మకాయ పెట్టినా, నోట్లో చింతపండు పెట్టినా లాభం లేదు.

అందుకే అవ్వ ఎక్కడికీ పోయేది కాదు. మా క్వార్టరు ముందు గద్దె మీద కూర్చుని, పొగ వదులుతూ పోయే బొగ్గు లారీలను తిట్టేది. నేనేమో దానికి పూర్తిగా వ్యతిరేకం... కాలనీ మూల మీద జానీ కాక స్కూటర్లు బాగుచేసే దుకాణం ఉండేది. బడి నుంచి వస్తూ అక్కడ కావాలనే నెమ్మదిగా నడిచేదాన్ని. గిన్నెలో పెట్రోలు పోసి సామాన్లు కడుగుతుంటే వచ్చే ఆ వాసన... ఎంత పీల్చినా తనివి తీరేది కాదు.

ఒకసారి వానాకాలం చివర్లో కబురొచ్చింది. అవ్వ చెల్లెలు పోశవ్వ గోదావరి అవతల, జైపూర్ దాటాక ఒక పల్లెలో ఉండేది. వాకిట్లో జారిపడి తుంటి విరిగిందట. మంచంలో పడి, అక్కను చూడాలని ఒకటే ఏడుస్తోందట.

మర్నాడే అవ్వ, అమ్మ, నేను బస్సెక్కాం. ఊరు దాటక ముందే అవ్వకు వాంతులు మొదలయ్యాయి. అమ్మ బతిమాలితే డ్రైవరు ఆపాడు. రోడ్డు పక్కన కిలోమీటరు రాయి మీద కూలబడి అవ్వ కండ్లు తుడుచుకుంది.

"ఇగ దాని మొకం నేను జూడనో ఏమో..."

ముగ్గురం నడుచుకుంటూ వెనక్కి వచ్చాం. మమ్మల్ని చూసి జానీ కాక దుకాణంలోంచి లేచి వచ్చాడు. అమ్మ సంగతంతా చెప్పింది.

"గింతేనా? బస్సు పడకపోతే ఏందవ్వా, నా బండి లేదా?" అన్నాడు కాక.

కాకకు ఒక పాత స్కూటరు ఉండేది. దాని పక్కకు మనిషి కూర్చునే డబ్బా బిగించి ఉండేది.

"వద్దు బిడ్డా... అదీ పొగ కొట్టేదే గదా. నీ బండిల గూడ కక్కుకుంట."

"కక్కుకుంటె కడుగుకుంట. ఫికర్ చెయ్యకు. ఒక్కపారి వాసన జూడు, పడకుంటె ఒద్దుతియ్యి."

కాక రెండు మూడు కిక్కులు కొట్టాడు. స్కూటరు దగ్గినట్టు చప్పుడు చేసి అందుకుంది. వెనక నుంచి నీలంగా పొగ... పెట్రోల్లో కలిపిన ఆయిలు కాలుతున్న ఘాటైన వాసన. అవ్వ కొంగు ముక్కుకు అదిమి పట్టుకుంది. మేమంతా ఆమె ముఖమే చూస్తున్నాం. కాసేపటికి కొంగు కొద్దిగా దించింది... ఇంకా కొద్దిగా...

"ఇది గట్ల లేదురా జానీ... దర్గాల ఊదు పొగ లెక్కున్నది!"

అమ్మకు నవ్వు ఆగలేదు. "రేపు దుకాణం బంద్ పెడ్త. పొద్దుగాలనే పోదాం, తయారుండు," అన్నాడు కాక.

తెల్లారి డబ్బాలో గోనెసంచి మడిచి వేసి అవ్వను కూర్చోబెట్టాడు. నేను కాక వెనక, అమ్మ ఇంటి దగ్గరే. బంకులో ముందు చిన్న కొలతతో ఆయిలు, తర్వాత పెట్రోలు పోశారు. టాంకీ మూతి మీద గాలి సన్నగా వణకడం చూస్తూ నేను గుండెల నిండా పీల్చుకున్నాను. అవ్వ రెండు చేతులా డబ్బా అంచు పట్టుకుని కండ్లు మూసుకుంది.

గోదావరి బ్రిడ్జి మీదికి వచ్చేసరికి కండ్లు తెరిచింది. కింద నిండుగా నీళ్ళు, ముఖానికి గాలి... అంతలో ముందు ఒక బొగ్గు లారీ, నల్లటి పొగ వదులుతూ.

"ఆపుర జానీ, ఆపు!" అని అరిచింది అవ్వ. మరుక్షణమే, "కాదు కాదు, దాటెయ్... దాన్ని దాటెయ్ బిడ్డా!"

బరువుతో ఈడ్చుకుంటూ పోతున్న ఆ లారీని మా స్కూటరు దాటేసింది. అవ్వ వెనక్కి తిరిగి లారీ వైపు చెయ్యి ఊపింది. ఆమెను అలా నేనెన్నడూ చూడలేదు.

పోశవ్వ మంచం వసారాలో వేసి ఉంది. అవ్వ పోయి పక్కన కూర్చుంది. అక్కాచెల్లెళ్ళు ఒకరి చేతులు ఒకరు పట్టుకున్నారు. తర్వాత పోశవ్వ ముక్కు ఎగబీల్చింది.

"ఏందే అక్కా, నీ చీర గాసునూనె వాసనొస్తున్నది?"

"గాసునూనె గాదే, పెట్రోలు! బండి మీదొచ్చిన. లారీని గూడ దాటినం."

"నవ్వియ్యకే... నడుము నొస్తది," అంటూనే పోశవ్వ కండ్లలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

పోశవ్వ మళ్ళీ లేచి నడవలేదు. ఆ చలికాలం దాటలేదు... కానీ ఆ లోపల, కాకకు తీరిక దొరికినప్పుడల్లా అవ్వ వెళ్ళి వచ్చింది. ఇద్దరూ కడుపునిండా మాట్లాడుకున్నారు. కడసారి చూపుకు కూడా ఆ డబ్బాలోనే వెళ్ళింది.

ఇప్పుడు అవ్వా లేదు, జానీ కాకా లేడు. ఆ దుకాణంలో సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. ఆ పొగ మంచిది కాదని ఇప్పుడు అందరికీ తెలుసు, నాకూ తెలుసు. మా వీధిలో కూడా చాలామంది బ్యాటరీ బండ్లు కొన్నారు... చప్పుడు లేదు, వాసన లేదు. మన ఇంటి ముందు ఎవరు ఆగారో, ఎవరు ఆగకుండా వెళ్ళిపోయారో కూడా తెలియడం లేదు...

మీ ఇంట్లో ఎవరికి ఏ బండి పడేది కాదు? వాళ్ళను ఎవరు, ఎట్లా తీసుకుపోయేవారు?... కొంచెం తీరిక చేసుకుని రాయండి, ఒక్కొక్కటీ చదువుకుంటాను.