బకెట్లో ముంచిన వేలు

సముద్రం అడుక్కి మనిషి దిగకుండా, ఓడ మీద కూర్చుని పొడవాటి కేబుల్‌తో యంత్రాన్ని నడిపే ఉద్యోగానికి ఏ విద్య కావాలో వికారాబాద్‌లో మా బంధువులందరికీ తెలుసు. ఈత. ఎనభైల మొదట్లో ఇంగ్లీషు పేపర్లో ఆ ప్రకటన చూసి మా మేనమామకు చదివి అర్థం చెప్పాను. కరెంటు పని, హైడ్రాలిక్స్, నీళ్లలో ఉండే కేబుళ్లకు జాయింట్లు వేయడం వచ్చినవాళ్లు కావాలని అందులో స్పష్టంగా ఉంది. ఆయన సాంతం విని, "ఈత రాకుంటె గాడ ఏం జేస్తవు అల్లుడా?" అన్నాడు.

"నీళ్లల్ల దిగేది మిషను, నేను గాదు మామా."

"గా మిషను మునిగితె తీసేదెవరు?"

ఎందుకైనా మంచిదని, తాండూరులో నీళ్లు నిండిన పాత బండల గనిలో నెల రోజులు మునిగి తేలాను. చెవిలో చీము పట్టింది, ఈత కూడా వచ్చింది. ఇన్నేళ్లలో అది నాకు ఒక్కనాడూ అక్కరకు రాలేదు.

అప్పుడు నేను తాండూరులోనే ఒక ఉస్తాద్ మోటార్ల షాపులో పనిచేసేవాణ్ని. గనుల్లో నీళ్లు తోడే సబ్‌మెర్సిబుల్ మోటార్లన్నీ ఆయన దగ్గరికే వచ్చేవి. ఆయన వేసిన జాయింట్‌లోకి నీటి చుక్క దూరడం నేను చూడలేదు. దాన్ని పరీక్షించే పద్ధతి మాత్రం మా షాపుకే సొంతం. బకెట్ నీళ్లలో పిడికెడు ఉప్పు వేసి, జాయింట్ ముంచి, కరెంటు ఇచ్చి, ఆ నీళ్లలో వేలు పెట్టడం. చురుక్కుమంటే జాయింట్ లీకైనట్టు. మోటారు సొంతదారులు ఆ వేలిని చూడ్డానికే నిలబడేవాళ్లు.

షాపులో మెగ్గర్ లేదనుకునేరు. ఉంది. పిడి తిప్పితే కేబుల్ పైపొర కరెంటును ఎంత గట్టిగా ఆపుతోందో ముల్లుతో చూపించే పెట్టె అది. దాన్ని తిప్పి అంకె రాసుకోవడం నేను ఐటీఐలో నేర్చుకునే వచ్చాను. మొదటి వారం దాని మీద చెయ్యి వేయగానే ఉస్తాద్, "భయమైతె గా డబ్బ తిప్పు బేటా, లేకుంటె వేలు వెట్టు" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు రోషం వచ్చి వేలు పెట్టాను. ఆరు నెలలు తిరిగేసరికి, మెగ్గర్ తిప్పేవాళ్లను చూసి నేనే నవ్వే స్థాయికి ఎదిగాను.

ఆ ఉద్యోగానికి దరఖాస్తు పెడితే, పరీక్షకు బొంబాయి రమ్మన్నారు. అక్కడ షెడ్డులో ఆ యంత్రాన్ని మొదటిసారి చూశాను. మంచమంత ఇనుప చట్రం, ముందు కెమెరా, చుట్టూ చిన్న ఫ్యాన్లు. అప్పటిదాకా దేన్నీ అంతగా కోరుకోలేదు నేను. కేబుల్ ముక్క ఇచ్చి జాయింట్ వేయమన్నారు. వేశాను. నీళ్లలో పెట్టి పరీక్షించమన్నారు. బల్ల మీద కొత్త మెగ్గర్, పక్కన కాగితం, పెన్సిలు ఉన్నాయి. వాటిని అవతలికి జరిపి, కరెంటు ఇచ్చి, చొక్కా చేతులు మడిచి వేలు ముంచాను. ముంచి చుట్టూ చూశాను కూడా, ఎవరైనా మెచ్చుకుంటారేమోనని.

పరీక్ష పెట్టే పెద్దమనిషి నిమ్మళంగా వచ్చి స్విచ్ ఆపాడు. "నీ వేలు ఏ అంకె చూపించింది?" అని హిందీలో అడిగాడు. నేను వేలు తుడుచుకున్నాను. ఆయనే మెగ్గర్ తిప్పి చూసి, జాయింట్ చాలా బాగుందన్నాడు. తర్వాత ఖాళీ కాగితం నా ముందు పెట్టి, "యంత్రం వంద మీటర్ల లోతులో ఉన్నప్పుడు వేలు ఎక్కడ ముంచుతావు?" అని అడిగి పంపేశాడు. ఈత సంగతి ఎవరూ ఎత్తలేదు.

తిరుగు రైల్లో చాలాసేపు ఆయన్ని తిట్టుకున్నాను. వాడీ జంక్షన్ దాటేసరికి నా మీద నాకే అసహ్యం వేసింది. విద్య రాక పోయిన ఉద్యోగం కాదది. వచ్చిన విద్యను నలుగురి నవ్వుకు జడిసి మూలన పెట్టినందుకు పోయింది.

మర్నాడు షాపుకు ఒక గని యజమాని మోటారు తెచ్చాడు. జాయింట్ బకెట్లోకి దిగింది, అందరూ నా చేతి వైపు చూశారు. నేను బీరువా మీంచి మెగ్గర్ దించి దుమ్ము తుడిచాను.

"ఏంది బేటా, బొంబాయి వొయ్యి భయం నేర్చుకొనొచ్చినవా?" అన్నాడు ఉస్తాద్.

"అవు ఉస్తాద్, మస్తు భయమైతున్నది."

అందరూ నవ్వారు. నేను పిడి తిప్పి అంకె రాసుకున్నాను.