మూల మడిగిన కార్డు

నా చిన్నప్పుడు ఆళ్లగడ్డలో దేవుళ్లకు కొరత లేదు. మా వీధి కొట్లలో రాతిదేవుళ్లు వరసగా నిలబడి ఉండేవాళ్లు. కొరతంతా బబుల్‌గమ్ పొట్లంలో వచ్చే క్రికెట్ కార్డులకే. అన్ని కార్డులూ కూడబెట్టి నంద్యాల ఏజెంటుకు చూపిస్తే బ్యాటు ఇస్తాడు. మడత పడిన కార్డు మాత్రం తీసుకోడు. పైగా వికెట్‌కీపర్ బొమ్మ ఎవరికీ వచ్చేది కాదు. కంపెనీవాళ్లు కావాలనే దాన్ని తక్కువ అచ్చు వేసి ఉంటారని ఇప్పుడనిపిస్తుంది, అప్పుడు మా తలరాత అనుకునేవాళ్లం. నాకు ఆ ఒక్కటే తక్కువ. బ్యాటు ఎవరిదో మొదటి ఆట వాళ్లది. ఆడపిల్లనని నన్ను బంతులు ఏరడానికే పెట్టుకునేవాళ్లు కనుక, ఆ బ్యాటు నాకెంత అవసరమో చెప్పనక్కర్లేదు.

మా నాయన శిల్పి. కొట్టు మాత్రం మా పెద్దనాయనది. నాయన చెక్కి తెచ్చిన విగ్రహాన్ని పెద్దనాయన ఆపాదమస్తకం తడిమి చూసేవాడు. ప్రతిసారీ ఎక్కడో ఒకచోట పెచ్చు లేచి ఉండేది. భిన్నమైన విగ్రహం పూజకు పనికిరాదు కాబట్టి సగం కూలే. తర్వాత ఆ పెచ్చుకు రాతిపొడి మెత్తి, నూనె పూసి, పూర్తి ధరకే అమ్ముకునేవాడు. నాయన ఇంటికొచ్చి తన చేతిని తానే తిట్టుకునేవాడు. వణుకు పట్టిందని అమ్మతో తైలం రాయించుకునేవాడు.

ఒకరోజు నన్ను వెంటబెట్టుకుని చాగలమర్రికి పోయి వస్తూ, బస్సు ఆగినచోట నాయన నాకొక గమ్ కొనిచ్చాడు. పొట్లం విప్పితే వికెట్‌కీపర్! నా అరుపుకు కండక్టర్ వెనక్కి తిరిగి చూశాడు. నాయన నవ్వాడు. ఆయన నవ్వడమూ ఆ కార్డంత అరుదే.

ఆ సాయంత్రమే నాయన కొత్త విగ్రహాన్ని భుజాన వేసుకుని కొట్టుకు పోతుంటే, కార్డు చూపించుకోవడానికి నేనూ వెంటపడ్డాను. పెద్దనాయన విగ్రహం వేళ్లు తడుముతూ, "చిటికెనేలు పాయ కదప్పా" అన్నాడు. నాయన తల దించుకున్నాడు.

తర్వాత పెద్దనాయన నావైపు చెయ్యి చాచాడు. "ఏంది మే అది? ఈడికి తే."

వాళ్లబ్బాయికి కూడా ఆ ఒక్క కార్డే తక్కువని నాకు తెలుసు. అయినా గొప్పకు పోయి ఇచ్చాను. వెలుతురుకు పెట్టి చూశాడు, బాగుందని మెచ్చుకున్నాడు. మెచ్చుకుంటూనే బొటనవేలి గోటితో మూల నొక్కాడు. నేను చూశాను. పక్కనే ఉన్న నాయనా చూశాడు.

"మూల మడిగిందే. ఇది చెల్లదు మే."

"నువ్వే మడిస్తివి" అన్నాను.

పెద్దనాయన కోప్పడలేదు. తమ్ముడివైపు తిరిగి, "ఏందప్పా, నేను మడిస్తినా?" అని అడిగాడు.

నాయన కార్డును చూశాడు. ఆ గోటిని చూశాడు. విరిగిన చిటికెనవేలిని చూశాడు. ఇన్నాళ్లూ తైలం రాయించుకున్న తన అరచేతిని తెరిచి చూసుకున్నాడు.

"లేదన్నా. మొదట్నుంచీ అట్లే ఉండె" అన్నాడు. సగం కూలీ, నా కార్డూ తీసుకున్నాడు.

నాకు పెద్దనాయన మీదకన్నా నాయన మీదే అసహ్యం వేసింది. కొన్నాళ్లకు ఇంకో పొట్లంలో ఆ బొమ్మ దొరికి వాళ్లబ్బాయికి బ్యాటు వచ్చింది, నేను బంతులు ఏరాను. నాయన ఆరోజు నుంచి తైలం మానేశాడు. విగ్రహాలు మాత్రం ఆ కొట్టుకే మోశాడు. పిల్లికి ఎలుక సాక్ష్యం అని నవ్వుతారు గానీ, ఎలుక ఇంకేం చెబుతుందో ఎవరూ అడగరు.

మొన్న మా మనవడు నా పెట్టె అడుగున ఆ కార్డు చూశాడు. ఇప్పుడు ఇలాంటి పాత కార్డులకు పదికి ఇన్నని మార్కులు వేసి, ప్లాస్టిక్ డబ్బాలో బిగించి అమ్ముతారట. ఫోన్‌లో ధరలు చూసి వాడు తల పట్టుకున్నాడు. "అవ్వా, ఇవి యాడా దొరకవంట. ఈ మూల బాగుండింటే చానా దుడ్లొచ్చేటివి. ఎవురు మడిచినారు?"

ఎదురుగా కుర్చీలో పెద్దనాయన కొడుకు టీ తాగుతున్నాడు. కొట్టు ఇప్పుడు ఆయనది. మా అబ్బాయి ఆయన దగ్గరే రాయి కోస్తాడు. ఆయన కప్పు దించి నావైపు చూశాడు.

నాయన నాకు ఆస్తి ఏమీ ఇవ్వలేదు, ఒక్క మాట తప్ప. అది తడుముకోకుండా వచ్చేసింది.

"ఎవురూ మడ్చలే నాయనా. మొదట్నుంచీ అట్లే ఉండె."