పెద్దమ్మ మోకాళ్లు

లింబాయత్ బస్తీలో మా పక్కింటి పెద్దమ్మ బట్ట నేసే సాంచెల కార్ఖానాలో ఏళ్ల తరబడి నిలబడి పనిచేసి, మోకాళ్లు పట్టేసిన మనిషి. మా ఇంటికొస్తే గుమ్మానికీ పొయ్యికీ మధ్య తిరుగుతూనే చాయ్ తాగేది. చాప వేస్తే, "కూసుంటే మళ్ల లేవరాదు బిడ్డా, తిరగనియ్యి" అనేది. ఆ తిరుగుడు చూస్తే నాకే కుదురుండేది కాదు.

ఒకరోజు నాకు ఒళ్లు కాలిపోయే జ్వరం. నా మూడు నెలల పాప ఏడుపు ఆపడం లేదు. నిలబడి ఎత్తుకుంటే పాపతో సహా పడతానని పెద్దమ్మ భయం. అటూ ఇటూ తిరిగి తిరిగి, చివరికి గోడ పట్టుకుని చాప మీద చతికిలబడి, "ఇటియ్యి" అంది.

పాప ఆమె ఒడిలో నిద్రపోయింది. రెండు గంటలు ఆమె కదలలేదు. పాపను నేను తీసుకున్నాక లేవబోయింది, చేతకాలేదు. నా వైపు చూడకుండానే చెయ్యి చాచి, "జర లేపు" అంది. ఆమె ఒకరిని సాయం అడగడం నేను వినడం అదే మొదటిసారి.